‘ఇది నా మాత్ర కాదు సిస్టర్’

వార్డులో బాగా విసుగు తెప్పించే పేషెంటు ఎవరని అడిగితే చాలామంది స్టాఫ్ నర్సులు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే: ప్రశ్నలడిగే పేషెంటు. “పొద్దున తెల్ల బిళ్ల ఇచ్చారు, ఇదేంటి గులాబీ రంగులో ఉంది?” “సూది ఇందాకే వేశారుగా, మళ్లీ ఎందుకు?” “ఇది నా మాత్ర కాదు సిస్టర్.” ముప్పై మంచాలకు ఇద్దరే ఉన్న నైట్ డ్యూటీలో ఒక్కో ప్రశ్నకూ ఆగి జవాబు చెబుతూ పోతే తొమ్మిది గంటల మందులు పదకొండింటికి కూడా పూర్తికావు. అందుకని “డాక్టరు గారే రాశారు పెద్దాయనా, వేసేసుకోండి” అని పక్క మంచానికి జరిగిపోతాం. ఈ అధ్యాయం ఆ పెద్దాయన పక్షాన రాస్తున్నాను.

మందు పేషెంటు దాకా వచ్చే దారి ఒకసారి చూడండి. డాక్టరు రాసిన దాంట్లో పొరపాటుంటే ఫార్మసిస్టు పట్టుకోవచ్చు. ఫార్మసిస్టు వేరే మందు పంపితే మీరు పట్టుకోవచ్చు. మీ చేతిలో పొరపాటు జరిగితే? మీ తర్వాత ఇంకెవరూ లేరు, మంచం మీదున్న మనిషి తప్ప. ఆయన నోరు మూయించామంటే ఆ ఒక్క తనిఖీనీ మనమే తీసేసినట్టు. పేషెంటు కేంద్రంగా సేవ అంటే చిరునవ్వుతో పలకరించడమని కొన్ని కార్పొరేట్ ఆసుపత్రుల శిక్షణల్లో నేర్పుతుంటారు. పలకరింపు మంచిదే. కానీ పేషెంటు ఒక మాట అన్నప్పుడు మన చెయ్యి ఆగుతుందా లేదా అన్నది అంతకంటే పెద్ద పరీక్ష.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల భద్రత మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మందుల వాడకంలో జరిగే, ఆపగలిగిన తీవ్ర హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం. మందుల పొరపాట్ల వల్ల ప్రపంచమంతటా ఏడాదికి 4,200 కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందని అప్పట్లో అంచనా వేశారు. ఆ కార్యక్రమం దృష్టి పెట్టాలనుకున్న నాలుగు రంగాల్లో వైద్య సిబ్బంది, మందులు, వ్యవస్థలతోపాటు పేషెంట్లు, ప్రజలు కూడా ఉన్నారు. అంటే మంచం మీది మనిషిని మందు పుచ్చుకునేవాడిగానే కాక, కాపలా కాసేవాడిగా కూడా లెక్కేశారు.

ఒక తల్లి వద్దన్న మందు

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, పేరుమోసిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, జోసీ కింగ్ అనే 18 నెలల పాప చనిపోయింది. వేడినీళ్ల తొట్టిలో ఒళ్లు కాలితే చేర్పించారు. గాయాలు మానుతున్నాయి, ఐసీయూ నుంచి బయటికి వచ్చింది, ఇంకొన్నాళ్లలో ఇంటికే అనుకుంటున్నారు. పాప నీళ్ల కోసం ఆత్రపడుతోందని, స్నానం చేయిస్తుంటే తడిగుడ్డను చప్పరిస్తోందని తల్లి సోరెల్ గమనించింది. నర్సులకు చెప్పింది. వైటల్స్ బాగానే ఉన్నాయన్నారు. పాప వాలకం బాగాలేదని మళ్లీ చెప్పింది. చివరికి డాక్టర్లు వచ్చి చూశారు, మత్తు కలిగించే నొప్పి మందులు ఇక ఇవ్వొద్దని నోటి ఆర్డరు ఇచ్చారు. ఆ తర్వాత ఒక నర్సు మెథడోన్ పట్టుకొచ్చింది. ఇవ్వొద్దన్నారు కదా అని తల్లి అడ్డు చెప్పింది. ఆర్డరు మారిందని చెప్పి నర్సు ఇచ్చేసింది. పాప గుండె ఆగింది. మళ్లీ కోలుకోలేదు.

ఈ కథ చదివి ఆ నర్సును తిట్టుకోవడం తేలిక. నేను అలా చదవమనను. ఆమె చేతిలో ఆర్డరు ఉంది, ఆమె మనసులో చెడు లేదు. ఆమెకు కరువైంది రెండు నిమిషాల పని: “అమ్మా, మీరు వద్దంటున్నారు కాబట్టి డాక్టరుతో మాట్లాడి వస్తాను” అని సిరంజి ట్రేలో పెట్టేయడం. ఆసుపత్రి తప్పు ఒప్పుకుంది. వచ్చిన పరిహారంలో కొంత పెట్టి ఆ తల్లిదండ్రులు కూతురి పేరిట ఒక ఫౌండేషన్ స్థాపించి, అదే ఆసుపత్రితో కలిసి పేషెంట్ల భద్రత కోసం పనిచేశారు.

దీన్నుంచి మన వార్డుకు తెచ్చుకోవాల్సిన నియమం చాలా చిన్నది. పేషెంటు గానీ, పక్కనున్న అటెండెంటు గానీ మందు గురించి అనుమానం చెబితే ఆ డోసు అక్కడికక్కడ ఆగుతుంది. కేస్ షీటు, డ్రగ్ చార్టు, చేతిలోని స్ట్రిప్పు మూడూ మళ్లీ చూస్తారు. తేలకపోతే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు మందు సరైనదే అయి ఉంటుంది, కంపెనీ మారి రంగు మారి ఉంటుంది. అప్పుడు ఆ సంగతే చెప్పండి: “మందు అదే అమ్మా, కంపెనీ వేరు, అందుకే రంగు మారింది. అడిగి మంచిపని చేశారు.” చివరి వాక్యం మర్యాద కోసం కాదు. అది వినకపోతే పదోసారి ఆమె అడగదు.

పేరు మీరు చెప్పకండి, వాళ్లచేత చెప్పించండి

సరైన పేషెంటు, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. నర్సింగ్ స్కూల్లో ఈ ఐదూ వల్లెవేయనివాళ్లు ఉండరు. ఇవి రాస్తే పరీక్షలో మార్కులొస్తాయి. వార్డులో మాత్రం ఒక్కోటి ఎలా జారిపోతుందో తెలిసుండాలి.

“మీరు లక్ష్మి గారేనా?” అని అడిగారనుకోండి. జ్వరంలో ఉన్నవాళ్లు తల ఊపుతారు, సరిగా వినపడనివాళ్లు ఊపుతారు, సిస్టర్ అడిగితే కాదనడం బాగుండదని ఇంకొందరు ఊపుతారు. “మీ పేరు చెప్పండమ్మా” అంటే ఊపడానికి వీలుండదు. తెలుగు జిల్లాల ఏ వార్డులోనైనా ఒకే సమయంలో ఇద్దరు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వరరావులు ఉండటం వింతేమీ కాదు కాబట్టి ఇంటిపేరు, ఐపీ నంబరు కూడా చూసుకోవాలి. మాట్లాడలేని స్థితిలో ఉంటే చేతి బ్యాండు, అటెండెంటు మాట.

మంచం నంబరును మాత్రం గుర్తుగా నమ్మకండి. ఫ్యాను కింద ఖాళీ అయిందని ఏడో నంబరాయన మధ్యాహ్నం పదకొండో నంబరుకు మారిపోతాడు. పేషెంటు బాత్రూమ్‌కి వెళ్తే, రాత్రంతా కింద పడుకున్న అత్తగారు కాసేపు నడుం వాల్చుదామని మంచమెక్కుతుంది. ఆవిడకు క్యాన్యులా లేదు కాబట్టి బతికిపోయింది. మాత్రలైతే ఇచ్చేసేవాళ్లమే.

రాత స్పష్టంగా లేనప్పుడు ఊహించి ఇవ్వడం మన వార్డుల్లో పాత జబ్బు. “సార్ రాత మాకు అలవాటే” అని గర్వంగా చెప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు. మందులను జనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే వైద్యుల నియమావళిని సవరించింది. కాబట్టి “సార్, ఇది చదవలేకపోతున్నాను” అనడం ధిక్కారం కాదు. ముఖ్యంగా చుక్కలు చూడండి. 5.0 అని రాస్తే చుక్క కలిసిపోయి 50 అవుతుంది. సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. మీరు చార్టులోకి ఎక్కించేటప్పుడు 5 అని, 0.5 అని రాయండి. యూనిట్లకు ఇంగ్లిష్ ‘యూ’ అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది, ఆ మాట పూర్తిగా రాయండి. అమెరికా వెళ్లే ప్రయత్నంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట: మనం రోజుకొకసారి అని అలవాటుగా రాసే ‘ఓడీ’ అక్కడ కుడి కన్ను.

రెండు ఆంప్యూళ్లు, రెండు సిరంజిలు

అన్ని మందులూ ఒక్కలా ప్రమాదకరం కావు. పాంటాప్రజోల్ అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్ లాంటివి, క్యాన్సర్ మందులు అలా కాదు. మీ జాగ్రత్తలో సింహభాగం వీటికే కేటాయించండి. అన్నిటికీ సమానంగా జాగ్రత్తపడాలని పోస్టర్లు చెబుతాయి గానీ, మనిషి ఓపికకు హద్దుంది.

ఇన్సులిన్ సంగతి దగ్గరగా చూద్దాం. మన దేశంలో చాలా వయళ్లు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్ను కార్ట్రిడ్జిలు, గ్లార్జిన్ లాంటి కొన్ని వయళ్లు మిల్లీలీటరుకు 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు. ఎర్రమూతది 40కి, నారింజ మూతది 100కి. పెన్ను ఇంట్లో మర్చిపోయి వచ్చిన పేషెంటు కార్ట్రిడ్జి నుంచి ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగారనుకోండి. సిరంజిలోకి వచ్చింది పావు మిల్లీలీటరు, అంటే 25 యూనిట్లు. తిరగేసి, 40 వయల్‌లోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే వచ్చేది 4 యూనిట్లే. ఒకరికి తెల్లారుజామున షుగర్ పడిపోతుంది, ఇంకొకరికి ఎన్ని రోజులైనా దిగదు. సిరంజి మూత రంగు, వయల్ మీది అంకె రెండూ ఒకేసారి చూసే అలవాటు చేసుకోండి. పెన్ను కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగే పని అసలు పెట్టుకోవద్దు.

ఇన్సులిన్ వేసే ముందు పేషెంటును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, చార్టులో ఎక్కడా ఉండదు: “భోజనం వచ్చిందా? తినగలరా?” సాధారణ ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు వేస్తాం. క్యాంటీన్ బండి ఆ రోజు గంట ఆలస్యమైతే ఆ అరగంటకు అర్థం లేదు. కార్తీక సోమవారం ఉపవాసమున్న ఆవిడ “పాలు తాగాను, చాలులే” అంటుంది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చినాయన రంజాన్ నెలలో రోజా ఉన్నానని చెప్పడు, అడిగితేనే చెబుతాడు. “ఉపవాసాలేంటి ఈ ఒంటితో” అని కసిరితే రేపటి నుంచి అబద్ధం చెబుతారు. ఉపవాసం వాళ్ల ఇష్టం. మనం డాక్టరుకు చెప్పి మోతాదు, సమయం మార్పించుకోవాలి.

పొటాషియం క్లోరైడ్ ఇంకా కఠినమైనది. 15 శాతం ఆంప్యూల్ 10 మిల్లీలీటర్లు ఉంటుంది, అందులో 20 మిల్లీఈక్వివలెంట్లు. సూదిమందుల్లో కలిపే నీళ్ల ఆంప్యూల్ కూడా చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో ఉన్న వార్డులో మీరు చేరితే, మొదటి రోజు చేయాల్సిన పని ఇన్‌ఛార్జి సిస్టరుతో చెప్పి వాటిని వేరుచేయించడం. పొటాషియం నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగుతుంది. సెలైన్‌లో కలిపి నిదానంగానే వెళ్లాలి. మామూలు చేతి నరానికి గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకుండా ఎక్కిస్తారు. వేలాడుతున్న సీసాలోకి పొటాషియం కొట్టి అలాగే వదిలేస్తే అది అడుగున చేరి మొదటే ముద్దగా దిగుతుంది. సీసా దించి, నాలుగైదుసార్లు తిప్పి, లేబుల్ అంటించి అప్పుడు పెట్టాలి. ఆ తర్వాత పేషెంటు “చెయ్యి మండిపోతోంది” అంటే “కొంచెం మంటుంటుంది, ఓర్చుకోండి” అనకండి. వెంటనే డ్రిప్పు ఆపి, క్యాన్యులా చోటు వాచిందేమో, వేగం ఎక్కువైందేమో చూడండి. లోపల నరంలో ఏం జరుగుతోందో చెప్పగలిగింది ఆ మనిషి ఒక్కరే.

ఇలాంటి మందులకు ఇద్దరు చూడాలంటారు. చూడటం ఎలా జరుగుతుందంటే: “అక్కా, ఎనిమిది యూనిట్లే కదా?” “ఆఁ, ఎనిమిదే.” అక్క తల కూడా ఎత్తలేదు. ఇది తనిఖీ కాదు, సాక్షి సంతకం. సిరంజి, వయల్, చార్టు ఆమె చేతికిచ్చి, “ఇందులో ఎంత ఉంది, ఎవరికి ఎంత రాశారు?” అని అడగండి. అంకె ఆమె నోటి నుంచి రావాలి. ఫోన్‌లో ఆర్డరు తీసుకున్నా ఇదే పద్ధతి. ముందు రాయాలి, తర్వాత పైకి చదివి వినిపించాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒక్కలాగే వినబడతాయి. పదిహేనా సార్, యాభయ్యా అని అడగండి.

మందులు కలుపుతున్నప్పుడు మధ్యలో పిలిచేవాళ్ల గురించి కూడా చెప్పాలి. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులను పక్కనుండి గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. మందులిచ్చేటప్పుడు అడ్డు తగిలిన ఒక్కోసారికీ వైద్యపరమైన పొరపాట్లు 12.7 శాతం పెరిగాయని అందులో తేలింది. మన వార్డుల్లో అడ్డు తగిలేది ఎక్కువగా అటెండెంట్లు, ఫోన్లు, రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లు. మందుల రౌండుకు ముందే ఒకసారి వార్డంతా చుట్టి, సెలైన్ అయిపోవచ్చినవి, బెడ్‌పాన్లు, నొప్పులు చూసుకుంటే సగం పిలుపులు తగ్గుతాయి. డాక్టర్లను ఆపడం కష్టం, ఒప్పుకుంటాను. “సార్, ఈ సిరంజి పూర్తి చేసి వస్తాను” అని చెప్పడం నేర్చుకోండి. ఎంత పెద్ద ప్రొఫెసరైనా ఒక నిమిషం ఆగుతాడు. మధ్యలో వదిలి వెళ్లాల్సే వస్తే, సగం నింపిన సిరంజి పారేసి మళ్లీ మొదలుపెట్టండి.

మందుల కవరు

చేరిన రోజే అటెండెంటును అడిగి ఇంట్లో వాడుతున్న మందులన్నీ కవరుతో సహా తెప్పించుకోండి. చీటీలు కాదు, మందులే. ఆ కవరు మంచం మీద బోర్లిస్తే బీపీ బిళ్ల రెండు కంపెనీలది కనిపిస్తుంది. పట్నంలో ఒక డాక్టరు రాసింది ఒకటి, ఊళ్లో మెడికల్ షాపులో ఇచ్చింది ఇంకొకటి. పేర్లు వేరు కాబట్టి వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరులేని పొట్లాలుంటాయి. నాటు మందు, కషాయం, చూర్ణం కవరులో ఉండవు. “ఇంకేమైనా వాడుతున్నారా?” అంటే లేదంటారు. “మోకాళ్లకు ఆకు మందు పోయించుకున్నారా? ఆర్‌ఎంపీ దగ్గర సూదులేమైనా వేయించుకున్నారా?” అని విడివిడిగా, తప్పు పట్టని గొంతుతో అడిగితే ఒక్కొక్కటీ బయటికొస్తాయి. “ఏ మందన్నా పడదా?” అన్నా అంతే. “ఏ సూదైనా వేశాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా?” అని అడగాలి.

డిశ్చార్జి రోజు అన్నిటికంటే హడావుడి రోజు. బిల్లు కౌంటరు, ఆరోగ్యశ్రీ సంతకాలు, బయట ఆటో ఆగి ఉంటుంది. చీటీ చూపించి గడగడా చెబుతాం, వాళ్లు “సరే సిస్టర్” అంటారు. ఆ సరే నమ్మదగింది కాదు. “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో మీరొకసారి చెప్పండి” అనండి. పరీక్ష వాళ్లకు కాదు, మనకు అన్నట్టుండాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాసినవాళ్లతో దీన్ని ఎప్పుడూ వదలకండి. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం పోతుంది. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చాలాసార్లు అలాగే చిన్న పసుపు బిళ్లే. వారం పేరు తెలుగులో చీటీ మీద పెద్దగా రాయండి. చదువురాకపోతే ఇంట్లో ఎవరు మందులిస్తారో కనుక్కుని, వాళ్లను పిలిపించి చెప్పండి.

పసిపిల్లల జ్వరం మందుదీ అదే కథ. పారాసెటమాల్ డ్రాప్స్ సాధారణంగా మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. సిరప్ అయితే 5 మిల్లీలీటర్లకు 125, ఇంకో రకం 5 మిల్లీలీటర్లకు 250. పాపకు 150 మిల్లీగ్రాములు రాశారంటే డ్రాప్స్‌లో ఒకటిన్నర మిల్లీలీటరు, ఒక సిరప్‌లో 6, ఇంకోదాంట్లో 3. “ఒక చెంచాడు పట్టమన్నారు” అని తల్లి డ్రాప్స్‌ను 5 మిల్లీలీటర్లు పడితే 500 మిల్లీగ్రాములు పోతాయి. డబ్బాలో వచ్చిన డ్రాపరు గానీ, కొలత మూత గానీ ఆమె చేతికిచ్చి, ఏ గీత దాకా పోయాలో పెన్నుతో గుర్తు పెట్టి, ఆమెచేత ఒకసారి నీళ్లతో కొలిపించండి.

ఇంత చేసినా పొరపాటు జరగొచ్చు. జరిగితే ముందు పేషెంటు దగ్గరికి వెళ్లాలి, రిజిస్టరు దగ్గరికి కాదు. బీపీ, నాడి, షుగర్, శ్వాస చూసి డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాసింది కొట్టేయకండి. మందు సరైనదే అయినా పడక రియాక్షన్ వచ్చిందనుకోండి, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే కార్యక్రమానికి నర్సులు కూడా నేరుగా తెలియజేయొచ్చు. ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. డాక్టర్లే రాయాలనుకుని ఆగిపోతున్నారు మనవాళ్లు.

ఇక పేషెంటు మందు వద్దన్నప్పుడు ఏం రాయాలో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దీన్ని ఏ పుస్తకంలోనూ సరిగా నేర్పరు. నర్సస్ నోట్స్‌లో “మందు తిరస్కరించారు” అని ఒక ముక్క రాసి వదిలేస్తాం. తర్వాతి షిఫ్టులో వచ్చినామెకు దానివల్ల తెలిసేది పేషెంటు మొండివాడని మాత్రమే. ఇలా రాయండి: “రాత్రి 9:00 బీపీ మాత్ర వద్దన్నారు. వేసుకున్నాక తల తిరుగుతోందని, నిన్న బాత్రూమ్‌లో పడబోయానని చెప్పారు. కూర్చోబెట్టి చూస్తే బీపీ 130/80, నిలబెట్టి చూస్తే 100/60. 9:10కి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఈ డోసు ఆపమన్నారు, ఆర్డరు తిరిగి చదివి వినిపించాను. ఒంటరిగా లేవొద్దని పేషెంటుకు, కొడుక్కు చెప్పాను.”